అత్త దున్నని చేను

జొన్నగింజను బుగ్గన పెట్టుకుని బస్సెక్కే మనిషి ఇక మా దుకాణానికి రాదు. కార్తీకం వచ్చింది. విత్తనాల బస్తాలు దిగాయి. ఆత్మకూరు బస్టాండు వైపు నుంచి రైతులు మళ్లీ మా మెట్లెక్కుతున్నారు. వాళ్లలో ఒక్కరు కూడా గింజ నోట్లో వేసుకుని, "ఊరు చేరెదాంక బుగ్గల పెట్టుకుంట అల్లుడా. మంచిగున్నదంటె రేపొచ్చి తీస్కపోత" అనడం లేదు. అందరూ సంచి మీద బొమ్మ చూసి పట్టుకుపోతున్నారు. బేరం హాయిగా సాగుతోంది. నాకే ఏమీ తోచడం లేదు.

విత్తనానికి మందు పట్టించి ఉంటుంది, నోట్లో పెడితే దవాఖాన పాలవుతావని ఎంత మొత్తుకున్నా వినేది కాదు. "మీ తాత గిట్లనె సూస్తుండె, సచ్చిండా?" అనేది. మా తాత పోయి చాలా కాలమైందత్తా అంటే, "గింజ నమిలి సచ్చిండా?" అని అడిగేది. ఆమెతో వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు. అందుకని మా ఇంట్లో రొట్టెలకు తెచ్చిన జొన్నలు గుప్పెడు ఒక డబ్బాలో పోసి ఉంచి, అవే ఆమె చేతిలో పెట్టేవాణ్ణి. మరునాడు వచ్చి, "ఈపారి ఇత్తనం జర సప్పగున్నది" అని తీర్పు చెప్పేది. చప్పగా ఉన్నవి మా ఆవిడ కొన్న జొన్నలని నేనెలా చెప్పను?

ఆమెది మా పల్లె. మా ఊళ్లో రక్తసంబంధం లేకపోయినా అందరికీ ఒక వరస ఉంటుంది. ఆ లెక్కన ఆమె నాకు అత్త, నేను అల్లుణ్ణి. కాబట్టి నన్ను ఎంత మాటైనా అనే హక్కు ఆమెకు పుట్టుకతో వచ్చింది. దుకాణంలో కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, ఎరువు బస్తా మీదే కూర్చునేది. కూర్చునే ముందు దాన్ని అరచేత్తో ఒకటి చరిచేది, పడుకున్న బర్రెను పక్కకు జరిపినట్టు. చాయ్ సాసర్లో పోసుకుని, తాగడానికి ముందు దాన్ని కాసేపు కోపంగా ఊదేది. ఆ ఊదడంలోనే ఆ వారం ఎవరి మీద కోపమో మాకు అర్థమయ్యేది. ఒకసారి ఎవరో రైతు వానను తిడుతుంటే, "ఎవుసం జేసెటోడు ఆకాశాన్ని తిట్టొద్దు. పక్కోన్ని తిట్టాలె. వాడన్న ఇంటడు" అని సలహా ఇచ్చింది. ఆ సలహాను ఆమె తూచా తప్పకుండా పాటించేది కూడా.

ఆమె పక్కవాడంటే సొంత మరిది. ఆమె పెనిమిటి తమ్ముడు. అన్నదమ్ముల చేలు ఆనుకునే ఉన్నాయి.

ఆమె చేను గురించి చెప్పాలి. వానాకాలం మక్కజొన్న, యాసంగికి జొన్న. ఈ రెంటి నడుమ ఊరంతా ట్రాక్టర్లు తిరుగుతాయి. మక్క కంకులు విరిచాక మిగిలిన సొప్పను కాల్చడమో, రోటవేటర్ పెట్టి నేలలో కలిపేయడమో చేస్తారు. ఆమె చేనులోకి నాగలి పోదు. కంకులు విరిచి, నిలబడ్డ సొప్పను కొడవలితో మొదలంటా కోసి, అక్కడికక్కడే నేల మీద పరిచేది. ఆ పరుపు కింద తేమ ఆరకముందే, మొన చెక్కిన కట్టెతో గుంత పొడిచి జొన్న వేసేది. మళ్లీ వానలు పడితే జొన్న మోళ్ల మధ్య మక్కలు పెట్టేది. చూడటానికి ఆ చేను పెళ్లి అయిపోయిన మర్నాటి పందిరిలా ఉండేది. ఎవరైనా వెక్కిరిస్తే, "నా చేను ముసుగుదన్ని పండుకున్నది, లేపకుండ్రి" అనేది.

ఎందుకు దున్నవు అంటే మాత్రం జవాబు అడిగిన మనిషిని బట్టి మారేది. వ్యవసాయాధికారితో, "భూమి బాలింత సారూ, ఊకె లేపొద్దు" అనేది. ఆడవాళ్లతో మోకాళ్ల నొప్పులనేది, దున్నేవాడి వెంట తిరగలేనని. పిల్లలతో ఆ చేనులో నాగుబాము గుడ్లు పెట్టిందని చెప్పేది. ఊరు నమ్మింది ఇవేవీ కావు. పెనిమిటి పోయిన మరుసటి ఏరువాకకు, మరిది ట్రాక్టరుతో దున్నుతూ రెండు చేల మధ్య గెట్టును సగం తన చేనులో కలుపుకున్నాడనీ, ఆ కోపంతో ఆమె ఒట్టు పెట్టుకుందనీ ఊరు నమ్మింది. నమ్మక చస్తుందా? కిరాణా కొట్టు దగ్గర, పాలకేంద్రం దగ్గర, నా దుకాణంలో, చేతులు తిప్పుతూ ఆ కథ చెప్పింది ఆమే.

"గెట్టు మీద కన్నేసిండు. అన్న వోంగనె అన్న గెట్టు గావాల్సొచ్చింది. ఇగ ఈ చేన్ల నాగలి వెట్టొద్దన్న" అనేది.

"వేరేవాళ్ల ట్రాక్టరు పెట్టుకోరాదా అత్తా?" అన్నాను ఒకసారి.

"ఇంటి ట్రాక్టరు ఉండంగ పరాయోంది ఏంటికి వెడుత?" అంది, నాకు బుద్ధి లేదన్నట్టు చూస్తూ. జానెడు గెట్టుకు బారెడు పంతం అని ఊరు నవ్వుకునేది. నేనూ నవ్వాను. మరిది మాత్రం ఆ ప్రస్తావన వస్తే తల వంచుకుని బీడీ వెలిగించుకునేవాడు. అవుననడు, కాదనడు. ఆయన్ను నేను చిన్నమామ అంటాను. కోడిని అదిలించడానికి కూడా గొంతెత్తని మనిషి. అలాంటివాడు గెట్టు ఎలా దున్నాడా అని ఒక్కోసారి అనుమానం వచ్చేది. భూమి దగ్గర ఎవరి బుద్ధి ఎలా తిరుగుతుందో చెప్పలేం కదా అని వదిలేసేవాణ్ణి.

వాళ్లిద్దరూ మాట్లాడుకోరు. కానీ పక్కపక్క చేలవాళ్లకు మాట్లాడుకోవలసిన పనులు బోలెడుంటాయి. అవన్నీ నా దుకాణంలో నా నెత్తిన పడేవి.

"అల్లుడా, ఆ నిలవడ్డాయనకు జెప్పు. ఆయన ఎద్దు నా సొప్పల వడి మేస్తున్నదని."

చిన్నమామ చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉండేవాడు. "రేపటి సంది కట్టేస్తనని జెప్పు అల్లుడా" అనేవాడు.

"కట్టేస్తడంట" అనేవాణ్ణి నేను.

"ఇనవడ్డది తియ్, నాకేం చెవుడా?" అని నా మీద పడేది.

ఒక ఏడు ఆమె చేనును చూపించడానికి అధికారి చుట్టుపక్కల ఊళ్ల రైతులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఫోటోలు తీస్తారని ఎవరో చెప్పినట్టున్నారు. కూతురి పెళ్లికి కట్టిన గద్వాల చీర పెట్టెలోంచి తీసి కట్టుకుని చేనుకు వచ్చింది. ఎర్రటి పట్టు అంచు. ఆ అంచు అడుగడుగునా మక్క మోళ్లకు తట్టుకుంటుంటే, పక్కనున్న నేను విడిపిస్తూ నడిచాను. అధికారి సొప్ప పక్కకు తీసి, కింద తడి నేలను, అందులో మెసిలే వానపాములను చూపిస్తూ మంచి మాటలే చెబుతున్నాడు. ఆమెకు ఓపిక లేకపోయింది. వనపర్తి వైపు నుంచి వచ్చిన ఒకాయన, "దున్నకుంటె లాభమేందమ్మా?" అని అడిగాడో లేదో, అధికారిని పక్కకు జరిపి, "లాభమా? మొగోళ్లతోని పని తప్పుతది" అంది. ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. అధికారి కూడా నవ్వేశాడు. ఫోటోలో ఆమె నడుమ మీద చెయ్యి వేసుకుని ఊరు గెలిచినట్టు నిలబడింది.

ఆమె చేసిందల్లా ఒప్పే అని చెప్పను. దున్నని నేలలో ఎలుక బొరియలు చెదరవు. ఒక ఏడు ఎలుకలు పడి, వేసిన గింజను వేసినట్టే తవ్వుకుపోయాయి. ఇకనైనా దున్నమని ఊరంతా చెప్పింది. ఆమె దుకాణానికి వచ్చి ఎలుకల మందు అడిగి, తప్పు నాదే అని తేల్చింది. "నీ ఇత్తనం తియ్యగుండె. అందుకె తిన్నయి" అంది. చప్పగా ఉందని వంక పెట్టిందీ ఆ విత్తనానికే. మళ్లీ వంగి గుంతలు పొడిచింది, పంట ఆలస్యమై సగానికి సగం తగ్గింది. తుంగ గడ్డలు అంతకంటే మొండివి. ఆమె, తుంగ ఒకరినొకరు గౌరవించుకుంటూ ఆ చేనులో కాపురం చేశారు.

ఆమెను నేను పూర్తిగా చూసింది వాన పట్టిన ఏడు. దసరా దాటింది. మక్క కట్టె మీదే ఎండి, కంకులు విరవడానికి సిద్ధంగా ఉంది. అప్పుడు గాలీవానా వచ్చి ఆమె చేనంతా పడుకోబెట్టింది. కంకి నేలకు తగిలిందంటే గింజ మొలకెత్తుతుంది. మొలకెత్తిన మక్కలను కోళ్లు కూడా ముట్టవు. ఆమెకు ఆ ఏడంతటికీ ఆ పంటే ఆధారం. కూలీలందామా, ఊరంతా పత్తి ఏరడంలో ఉంది. పత్తి కూడా తడిసింది కాబట్టి ఎవరి పరేషాను వాళ్లది.

చిన్నమామ అప్పటికే కోత మిషన్ కొన్నాడు. ఆయన మక్క ఆలస్యంగా వేసినది కాబట్టి ఇంకా పచ్చిగానే నిలబడి ఉంది. మిషన్ ఖాళీగా ఉంది. ఆయన దుకాణానికి వచ్చి నిలబడే చెప్పాడు.

"అల్లుడా, జర ఆమెకు జెప్పు. నేల కొంచెం గట్టివడంగనె మిషన్ తోలుత. పడ్డది ఎంతొస్తె అంతొస్తది. వాన మళ్ల వస్తదంటుండ్రు."

నేను దుకాణం మూసి ఊరికి పోయాను. ఆమె ఒక్కతే చేనులో ఉంది. పడిన కట్టెను ఎత్తడం, కంకి విరవడం, గంపలో వేయడం. చీర మోకాళ్ల దాకా తడిసి బురదైంది. నేను మిషన్ సంగతి చెప్పాను. ఆమె నడుము ఎత్తకుండానే విని, "ఒద్దని జెప్పు" అంది.

"పంట పోతది అత్తా. రేపు ఏం తింటవ్?"

"ఈ చేన్ల చక్రం వడొద్దు. ఒద్దని జెప్పు." అని రెండు కంకులు విరిచింది. అప్పుడు నడుము ఎత్తి, "కోపంతోని ఒద్దంటలేనని గూడ జెప్పు" అంది.

నాకు ఒళ్లు మండింది. కోపం లేకపోతే మరి ఎందుకీ పంతం? అదే మాట తీసుకుపోయి చిన్నమామకు చెప్పాను. "గట్లన్నదా?" అని అడిగాడు. మళ్లీ, "గట్లనె అన్నదా అల్లుడా?" అని అడిగాడు.

తెల్లారి ఆయన, ఆయన భార్య ఆ చేనుకు వచ్చారు. మిషన్ లేదు, ట్రాక్టరు లేదు. ఖాళీ గోనె సంచులు భుజాన వేసుకుని వచ్చారు. గెట్టు దగ్గర చెప్పులు విడిచి, ఆమె విరుస్తున్న చోటికి రాకుండా చేనుకు అటు కొస నుంచి మొదలుపెట్టారు. మిషన్లు వచ్చాక చిన్నమామ చేతులతో కంకి విరిచి చాలా ఏళ్లైంది. ఆకుల అంచులకు ముంజేతులు గీసుకుపోయాయి. ఆమె ఒకసారి తలెత్తి చూసింది. మళ్లీ వంగి కంకి విరిచింది. ఆ రోజు నేను కూడా గంపలు మోశాను. మధ్యాహ్నానికి ఆమె జొన్నరొట్టెలు, పల్లి కారం గెట్టు మీద పెట్టి, "అల్లుడా, తినుమని జెప్పు" అంది. నేను చెప్పకముందే ఆయన కూర్చుని తినడం మొదలుపెట్టాడు.

సాయంత్రం మబ్బు కమ్మేసరికి కంకులు రోడ్డు ఒడ్డుకు చేరాయి, వాటి మీద టార్పాలిన్లు పడ్డాయి. కొన్ని మొలకలెత్తాయి. ఎక్కువ భాగం దక్కాయి. ఆమె టార్పాలిన్ అంచుల మీద రాళ్లు పెడుతూ నన్ను నోరారా తిట్టింది, నా గంప చిన్నదని. ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది.

మా పల్లెల్లో బదులు అని ఒకటి ఉంది. ఇవాళ నువ్వు నా చేనుకు పనికొస్తే, రేపు నేను నీ చేనుకు రావాలి. మనిషికి మనిషి, పూటకు పూట. చిన్నమామ మక్క కోతకొచ్చిన రోజు ఆమె కొడవలి పట్టుకుని ఆ చేనులో ప్రత్యక్షమైంది. మిషన్ మూలల్లో తిరగలేదు, తిరగడానికి చోటు కావాలి. అందుకని ముందుగా ఎవరో ఒకరు నాలుగు మూలలూ చేత్తో కోసి పెట్టాలి. ఆమె ఎవర్నీ అడగకుండా ఒక మూలకు పోయి కోయడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ప్రతి ఏడూ అదే. కంకులు విరిచే రోజు ఆయన ఈ చేనుకు, మిషన్ పెట్టే రోజు ఆమె ఆ చేనుకు. మాటలు మాత్రం ఎప్పటిలా నా మీదుగానే నడిచాయి. ఇంత కలిసి పని చేసేవాళ్లు ఒక్క మాట మాట్లాడుకోరాదా అని నేను విసుక్కుంటే, "నీకు పనేముంటది మల్ల?" అనేది.

ఈ వానాకాలం ఆమె పోయింది. మక్క మోకాలెత్తు ఉన్నప్పుడు జ్వరం పట్టింది. వనపర్తి దవాఖానకు తీసుకుపోయారు. తిరిగి రాలేదు. పెనిమిటి పక్కనే, ఆ చేను మూలనే మట్టి చేశాం. మక్క కంకులు వేసి, పండి, ఎండే దాకా ఆ చేనును చూసుకున్నది చిన్నమామే. ఖిల్లా ఘణపూర్‌లో ఉన్న కూతురు, "ఇగ నువ్వే చేస్కో చిన్నాయనా" అని ఆయనకు అప్పగించింది.

మొన్న ఆయన జొన్న విత్తనానికి వచ్చాడు. ఆ చేనుకేనని చెప్పాడు. నేను ఊరుకోకుండా, "ఇగ నీదే రాజ్యం మామా. ట్రాక్టరు పెట్టి ఒక్కపూటల సాఫ్ చెయ్యి. గెట్టు లొల్లి తీరిపాయె" అన్నాను, నవ్వించాలనే.

ఆయన నవ్వలేదు. కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

"గెట్టు లొల్లి లేకుండె అల్లుడా. నేను గెట్టు దున్నలే. అన్న బొంద మీదికెల్లి దున్నిన."

మా వైపు చాలామంది పోయినవాళ్లను సొంత చేనులోనే ఒక మూల పెడతారు. ఇప్పుడక్కడ సిమెంటు దిమ్మె ఉంది. అప్పటికి లేదు. మట్టి కుప్ప, చుట్టూ నాలుగు రాళ్లు. వానలకు మట్టి దిగిపోయి నేలతో సమానమైంది. అన్న చేను దున్నేటప్పుడు ఆయన ఏళ్ల తరబడి ట్రాక్టరు తిప్పుకునే మూల అదే. అన్న బతికున్నప్పుడు అక్కడే నిలబడి చెయ్యి ఊపుతూ తిప్పు, తిప్పు అనేవాడట.

"చెయ్యి అలవాటుకు తిప్పింది" అన్నాడు. "రాయి లేస్తె సూసిన. ఎనకకు మల్లి సూస్తె వదిన నిలవడ్డది."

"తిట్టిందా?"

"తిట్టలే. ఏడ్వలే. కూసోని చేతులతోని మట్టి ఎగదోసింది. నేను గూడ తోసిన. అప్పుడన్నది, ఇగ ఈ చేన్ల నాగలి వెట్టొద్దని. లేసి చేతులు దులుపుకుంట మళ్ల అన్నది, ఇది ఊర్ల తెలిస్తె నిన్నెవ్వరు గడప తొక్కనియ్యరు. గెట్టు దున్నినవని జెప్త, నువ్వు సప్పుడు జెయ్యకు అని."

అన్న సమాధిని దున్నినవాణ్ణి మా ఊరు బతకనిచ్చేది కాదు. గెట్టు దున్నినవాళ్లు ఊళ్లో సగం మంది ఉంటారు. ఆయన తలెత్తుకుని తిరగగలిగేంత చిన్న తప్పును ఆమె ఎంచి ఆయన నెత్తిన పెట్టింది. అది నిలబడాలంటే తను గయ్యాళి కావాలి, జానెడు గెట్టుకు ఏడ్చే మనిషి కావాలి. అయింది. చేతులు తిప్పుతూ, మేమంతా నవ్వుతుండగా, ఇన్నేళ్లూ దాన్ని మోసింది. ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ ఉందో ఆ కుర్చీ ముందు నిలబడి తెలుసుకున్నాను.

"మరి నీతో మాట్లాడకపాయె కద మామా?"

"మొదట్ల కోపమె ఉండె. ఎందుకుండదు? పోను పోను ఎట్ల మొదలువెట్టాల్నో ఇద్దరికి తెల్వకపాయె." విత్తనం సంచి ముందుకు జరుపుకున్నాడు. "దవాఖానల పిలిచింది. నువ్వు లేవు, మధ్యల ఎవ్వరు లేరు. మరిదీ అన్నది. మక్కలిరిసినంక సొప్ప కాలవెట్టకు, తేమ వోకముందె జొన్న వెయ్యి అన్నది. నేనడిగిన, దున్నాల్నా వదినా అని."

"ఏమన్నది?"

"నీ ఇష్టం మరిదీ అన్నది."

ఆయన లేచి విత్తనం సంచి భుజానికెత్తుకున్నాడు. మెట్ల దాకా పోయి ఆగాడు.

"ఒద్దన్నన్ని దినాలు ఒక్కపారన్న దున్నితె బాగుండు అని మనసుల ఉండె అల్లుడా" అన్నాడు. "నా ఇష్టం అన్నంక ఎట్ల దున్నుత?"